జనవరిలో సొంత కారుతో మనాలి: మంచు రోడ్డు మీద మన టైర్లకు పట్టు ఉంటుందా?

నయీంనగర్_నడిపేవాడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. సంక్రాంతి అయిపోగానే సొంత కారులో మనాలి పోదామని ఇంట్లో ఫిక్స్ అయింది. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా మామయ్య. హనుమకొండ నుంచి కరీంనగర్, మంచిర్యాల, చంద్రాపూర్ మీదుగా నాగ్‌పూర్, అక్కడ 44వ నంబర్ హైవే పట్టుకుని ఆగ్రా, ఢిల్లీ, ఆ తర్వాత చండీగఢ్. అక్కడి దాకా నాకు టెన్షన్ లేదు, లాంగ్ డ్రైవింగ్ అలవాటే. భయమంతా మనాలి దాటిన తర్వాతే. పిల్లలకు మంచు బాగా చూపించాలంటే సోలాంగ్ పోవాలి, కుదిరితే అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోవాలి అంటున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను గడ్డకట్టిన రోడ్డు మీద బండి నడిపింది లేదు.

కారు డీజిల్, మాన్యువల్ గేరు, ముందు చక్రాలకే పవర్. ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసేది), ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. టైర్లు కంపెనీ నుంచి వచ్చినవే, 215/60 ఆర్17, గాడులు ఇంకా లోతుగానే కనిపిస్తున్నాయి. మా బామ్మర్ది ఏమంటాడంటే ఈఎస్‌సీ ఉన్న కారు జారనే జారదు, అంతా కంప్యూటరే చూసుకుంటుంది అని. టైర్ల షాపులో ఒకాయన ఆల్ టెరైన్ టైర్లు నాలుగు వేయించుకో, కొండలకు అవే కరెక్ట్ అన్నాడు, రేటు విన్నాక ఇంటికొచ్చేశాను. ఆఫీసులో ఇంకొకాయన గాలి సగం తీసెయ్, పట్టు దానంతట అదే దొరుకుతుంది అంటాడు. ముగ్గురివి మూడు మాటలు. అసలు వింటర్ టైర్ అంటే ఏంది, మామూలు టైరుకూ దానికీ తేడా గాడుల్లోనేనా? అవి లేకుండా మెల్లగా పోతే నడుస్తదా? తెలిసినవాళ్లు చెప్పండి. "పోవద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ఎందుకో కూడా చెప్పండి.

హంటర్‌రోడ్_టైర్లు:

తమ్మీ, టైర్లు అమ్మి బతికేవాణ్ని నేను, అయినా చెప్తున్నా, ఈ ఒక్క ట్రిప్పు కోసం నాలుగు టైర్లు మార్చకు.

తేడా గాడుల్లో కంటే రబ్బరులో ఎక్కువ. మన టైర్ల రబ్బరు మే నెలలో వరంగల్ రోడ్డు మీద కరిగిపోకుండా ఉండేలా చేసింది. చలి ఏడు డిగ్రీల కంటే తగ్గుతూ పోతే అది బిగుసుకుంటుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డు గరుకులోకి ఒదగదు, పైపైన జారుతుంది. వింటర్ టైర్ల రబ్బరులో సిలికా అదీ ఇదీ వేరే పాళ్లలో కలుపుతారు, సున్నాకు దిగినా మెత్తగానే ఉంటుంది. ఇక గాడుల సంగతి: దాంట్లో ఒక్కో దిమ్మె (గాడుల మధ్య ఎత్తుగా ఉండే రబ్బరు ముక్క) మీద అడ్డంగా సన్నని చీలికలు బోలెడు ఉంటాయి. బండి బరువుకు ఆ చీలికలు తెరుచుకుని, వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. నీ కారు దగ్గరికి పోయి టైరు దిమ్మెను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు, చీలికలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనిపించవు.

ఆల్ టెరైన్ అమ్మజూపిన ఆయన మాట సగం నిజం. పొలం బాట, బురద, రాళ్లు, లోతు మంచు, వీటికి ఆ పెద్ద దిమ్మెలు బాగానే పనిచేస్తాయి. కానీ నున్నగా గడ్డకట్టిన మంచు మీద పెద్ద దిమ్మె చేసేదేమీ లేదు, అక్కడ పట్టుకునేది చీలికలూ మెత్తని రబ్బరూ. టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే ఆ టైరును మంచు మీద పరీక్ష పెట్టి పాస్ చేశారని అర్థం. ఉత్తగా ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని) రాసుంటే అది కంపెనీ తన మాట మీద తాను వేసుకున్నదే, పరీక్ష అక్కర్లేదు. కొండ బొమ్మ ఉన్న ఆల్ టెరైన్లు కూడా ఉంటాయి, అది చూడకుండా డబ్బులు పెట్టొద్దు. అచ్చం వింటర్ టైర్లు మాత్రం మన షాపుల్లో దొరకవు. ఎక్కడో తెప్పించి వేసినా, తిరుగు ప్రయాణంలో నాగ్‌పూర్ దాటాక ఆ మెత్తని రబ్బరు మన ఎండకు గబగబా అరిగిపోతుంది.

దానికంటే ఉన్న టైర్ల వయసు చూడు. పక్కగోడ మీద చిన్న గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసింది. ఎంత లోతు ఉన్నా ముసలి టైరు రబ్బరు గట్టిపడే ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, అక్కడిదాకా అరిగితే టైరు చెల్లినట్టే, మంచుకైతే 4 మిల్లీమీటర్లు మిగిలి ఉండాలని చెప్తారు.

గాలి సగం తీసే ఆలోచన మానుకో. అది ఇసుకలో కూరుకుపోయినప్పుడు పది నిమిషాలు చేసే పని, ఘాట్ రోడ్డు మీద అలా పోతే మలుపులో టైరు అడ్డంగా ఒరిగిపోతుంది. ఇంకో సంగతి, చలికి గాలి తనంతట తానే తగ్గుతుంది, ఐదారు డిగ్రీలు పడిపోతే సుమారు ఒక పీఎస్ఐ. ఇక్కడ మధ్యాహ్నం 30 డిగ్రీలప్పుడు నింపింది అక్కడ సున్నా కిందికి పోతే ఐదారు పీఎస్ఐ దిగుతుంది. మళ్లీ మనాలి రెండు వేల మీటర్ల ఎత్తు కదా, బయటి గాలి పలచన, అందుకని గేజీలో రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ కనిపిస్తుంది. ఈ లెక్కలు నెత్తిలో పెట్టుకోకుండా చిన్న గేజీ ఒకటి కొనుక్కో, అక్కడ పొద్దున బండి తీయకముందు చూసి, డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెకు తెచ్చుకో.

పరకాల_4x4:

ఇంత రాద్ధాంతం అవసరమా అన్నా. నాది 4x4, నాలుగు చక్రాలకూ పవర్ పోయే బండి, ఎక్కడ బురదలో దింపినా గుంజుకుని బయటికొస్తది. ఫోర్ వీల్ ఉన్న బండి కిరాయికి తీసుకుంటే పని అయిపోతుంది గదా, టైర్లూ వద్దు, మంచుకు చక్రాల చుట్టూ కట్టే గొలుసులూ వద్దు.

కాజీపేట_టు_మాంట్రియల్:

కాజీపేట అమ్మాయిని, చాలా ఏళ్లుగా కెనడాలో ఉంటున్నా. మా క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే ఫైన్. ఫోర్ వీల్ ఉంది కదా అంటే పోలీసు ఊరుకోడు, దానికీ వేసుకోవాల్సిందే. ఎందుకంటే 4x4 బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి తమ్ముడూ, నీ బండికి ఐదోది లేదు. ఇక్కడ తొలి మంచు పడిన రోజు రోడ్డు పక్క కాలువలో పడి ఉండేవాటిలో పెద్ద పెద్ద ఎస్‌యూవీలు కూడా బాగానే ఉంటాయి, సులువుగా ఎక్కి వచ్చింది కాబట్టి సులువుగా ఆగుతుంది అనుకుంటారు పాపం.

అడిగిన తమ్ముడికి లెక్క చెప్తా. పొడి తారు రోడ్డు మీద టైరు పట్టు (ఘర్షణ గుణకం) 0.7 దగ్గర వేసుకో, గడ్డకట్టిన మంచు మీద మామూలు టైరుకు అది 0.1 దగ్గరికి పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల స్పీడులో బ్రేకు కొడితే పొడి రోడ్డు మీద తొమ్మిది మీటర్లలో ఆగే కారు, మంచు మీద ఆగడానికి 63 మీటర్లు తీసుకుంటుంది. ఇది కాలు బ్రేకు మీద పడిన క్షణం నుంచి లెక్క, నువ్వు చూసి తేరుకునే టైమ్ వేరే. మలుపు కూడా అంతే. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఘాట్ మలుపును ఎండలో 50 దాకా తిప్పుకోవచ్చు, మంచు మీద 20 దగ్గరే బండి బయటికి జారడం మొదలుపెడుతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, వంద మీటర్లకు పది మీటర్లు దిగే వాలు మీద ఆ పట్టు ఉంటే బ్రేకు పూర్తిగా తొక్కినా కారు ఆగదు, చక్రాలు తిరగకుండా అలాగే కిందికి జారిపోతుంది. వింటర్ టైరు వేస్తే ఈ దూరాలు బాగా తగ్గుతాయి, అలాగని పొడి రోడ్డు కాదు.

ఇప్పుడు మీ బామ్మర్ది ఈఎస్‌సీ సంగతి. అది ఏం చేస్తుందంటే, నువ్వు స్టీరింగ్ ఎటు తిప్పావు, బండి నిజంగా ఎటు పోతోంది అని చూస్తుంది, రెండిటికీ పొంతన లేకపోతే ఏదో ఒక చక్రానికి కొంచెం బ్రేకు వేసి, ఇంజిన్ పవర్ తగ్గించి దారికి తెస్తుంది. చాలా మంచి వస్తువు, నేను కాదనను. కానీ అది వేసే బ్రేకు కూడా ఆ టైరు ద్వారానే కదా రోడ్డుకు చేరాలి? టైరు కింద పట్టు లేకపోతే కంప్యూటర్ దేన్ని పట్టుకుని సరిచేస్తుంది? ఏబీఎస్ కూడా అంతే, చక్రం బిగుసుకోకుండా చూసి స్టీరింగ్ తిరిగే వీలు ఇస్తుంది, అంతేగానీ దూరం తగ్గిస్తుందని గ్యారంటీ లేదు, వదులు మంచు మీద కాస్త పెంచుతుంది కూడా. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, భయపడి కాలు తీయొద్దు.

టైరుకు ఉన్న పట్టంతా ఒక్కటే. బ్రేకుకు మొత్తం వాడేస్తే తిప్పడానికి మిగలదు. అందుకే మలుపు రాకముందే స్పీడు తగ్గించేసి, తిప్పేటప్పుడు బ్రేకూ వద్దు, యాక్సిలరేటర్ తొక్కుడూ వద్దు. నీది ముందు చక్రాల బండి కాబట్టి జారితే స్టీరింగ్ తిప్పినా నేరుగా పోతుంది, అప్పుడు అందరూ చేసేది ఇంకా గట్టిగా తిప్పడం, దానివల్ల లాభం లేదు. కాలు తీసెయ్, స్టీరింగ్ కొద్దిగా వెనక్కి తెచ్చుకో, ముందు టైర్లు పట్టు అందుకున్నాక మళ్లీ మెల్లగా తిప్పు. వెనక భాగం పక్కకు పోతే, ఎటు పోతోందో అటే స్టీరింగ్ తిప్పాలి, కళ్లు మాత్రం నువ్వు పోవాలనుకున్న వైపే ఉండాలి. లోయ వైపు చూస్తే చేతులు కూడా అటే పోతాయి. క్రూయిజ్ కంట్రోల్ ఉంటే ఆ రోడ్డు మీద ముట్టుకోవద్దు.

ఇంకొకటి, ఎవరైనా ముందు రెంటికే వింటర్ టైర్లు వేస్తే చాలు అంటే వినకు. ముందు పట్టుకుని వెనక పట్టుకోకపోతే దిగుడు మలుపులో బండి గిర్రున తిరుగుతుంది. వేస్తే నాలుగూ, లేకపోతే ఏదీ వద్దు.

హుజూరాబాద్_ఫౌజీ:

బిడ్డా, నేను ఫౌజులో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయినోణ్ని, ద్రాస్, కార్గిల్ వైపు లారీలు నడిపిన. పైన అమ్మ చెప్పిన లెక్కలు అక్షరాలా నిజం. నేను చేతి పని చెప్తా.

మంచు పడ్డ రోజు మనాలి దాటినాక పోలీసులు ఆపుతరు. 4x4 బండ్లను, గొలుసులు కట్టిన బండ్లను మాత్రమే వదులుతరు, మరీ ఎక్కువ పడితే అందరికీ బంద్. గొలుసులు మనాలిలోనే కిరాయికి దొరుకుతయి. నీ బండికి పవర్ ముందుకు కాబట్టి ముందు చక్రాలకే కట్టాలె. వెనక్కు కడితే దండగ. కట్టినాక పదడుగులు నడిపి, దిగి, మళ్లీ గుంజి బిగించాలె, లేకుంటే వదులైన కొస తిరిగి తిరిగి లోపల బ్రేకు పైపుకు కొట్టుకుంటది. ముప్పై నలభై స్పీడు దాటొద్దు. నల్ల రోడ్డు రాగానే విప్పెయ్, పొడి తారు మీద నడిపితే గొలుసు తెగుతది, టైరు పాడైతది. ముందుకు గొలుసు ఉంది, వెనకకు లేదు అన్నది దిగుడులో మర్చిపోవద్దు, వెనక భాగం తేలిపోతది.

పొద్దున తొమ్మిది పది దాటినాకనే బయలుదేరు, మధ్యాహ్నం మూడు లోపల మనాలి వైపు తిరిగి రా. ఎండకు కరిగిన నీళ్లు సాయంత్రం నీడ పడంగనే మళ్లీ గట్టిపడతయి, చూస్తే తడి రోడ్డు లెక్కనే ఉంటది, అది అద్దం మంచు. సున్నా డిగ్రీల దగ్గర మంచు మీద సన్నటి నీటి పొర ఉంటది, గడ్డ చలిలో కంటే అప్పుడే ఎక్కువ జారుతది. వంతెనల మీద, కొండ నీడ పడే మలుపుల్లో ముందు గడ్డకడుతది. ఎండ ఉన్న రోడ్డు మీద వచ్చిన ఊపులో నీడలోకి పోవద్దు. అటల్ టన్నెల్ అయితే ఇంకా పరేషాన్, తొమ్మిది కిలోమీటర్లు లోపల పొడి రోడ్డు, నున్నగా పోతుంటవు, అవతలి మూతి దగ్గర బయటపడంగనే లాహౌల్ లోయ చలి, మంచు. మూతి రాకముందే లోపలనే స్పీడు తగ్గించుకో.

దిగుడులో రెండో గేరులో, అవసరమైతే ఒకటిలో పెట్టి ఇంజిన్ మీద దించు. కానీ గేరు తగ్గించి క్లచ్ ఠక్కున వదలొద్దు, ముందు చక్రాలు బిగుసుకుని జారుతయి. ఎక్కుడు మీద బండి కదలకపోతే రెండో గేరులో మెల్లగా లేపు. చక్రం తిరుగుతుంటే ఇంకా తొక్కితే కింద మంచు అరిగి నున్నగైతది, ఇంకింత కూరుకుంటవు. ఇసుకో మట్టో చల్లు, ఏదీ లేకుంటే కాళ్ల కింద వేసుకునే మ్యాట్లు పెట్టు. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం ఊరికే తిరగకుండా ఆపేది) బటన్ ఉంటే కూరుకుపోయినప్పుడు మాత్రం ఆఫ్ చెయ్, బయటికి రాంగనే ఆన్ చెయ్.

రాత్రి హ్యాండ్‌బ్రేకు గుంజి పెట్టొద్దు. తడి బ్రేకులు గడ్డకట్టి పట్టేసుకుంటయి, పొద్దున బండి కదలదు. చదునైన జాగాల గేరులో పెట్టి చక్రానికి రాయి పెట్టు. వైపర్లు పైకి లేపి పెట్టు. అద్దం మీద మంచుకు వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతది, పోయొద్దు. అన్నిటికంటే ముందు రేడియేటర్‌లో ఏం ఉందో చూడు, మన దిక్కు మెకానిక్‌లు నల్లా నీళ్లు నింపి పంపుతరు.

నయీంనగర్_నడిపేవాడు:

ఫౌజీ కాకా, మీ మాట చూసి ఇప్పుడే కిందికి పోయి బానెట్ తెరిచి చూసిన. డబ్బాలో పచ్చగా ఉండాల్సింది దాదాపు తెల్లగా ఉంది. ఎండాకాలంలో సర్వీసుకు ఇస్తే కూలెంట్ అని బిల్లు వేసిండు ఆ మెకానిక్, పోసింది మాత్రం నీళ్లే. మనాలిలో రాత్రి బయట పెడితే నిజంగా ఇంజిన్‌కు ఏమన్నా అయితదా?

అక్కా, ఆ 63 మీటర్ల మాట మా బామ్మర్దికి ఫార్వర్డ్ చేసిన, ఇంకా రిప్లయ్ లేదు.

భూపాలపల్లి_షిఫ్ట్:

అయితది అన్నా. నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, రేడియేటర్ పగలొచ్చు, ఖర్మ బాగాలేకపోతే ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. మొత్తం దించేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించు, అది మైనస్ 35 దాకా తట్టుకుంటుంది. నువ్వు దగ్గర నిలబడి పోయించు. మా బొగ్గుగని బండ్ల దగ్గర కూడా ఇదే పంచాయితీ.

నేను మంచు మీద నడపలేదు గానీ పట్టు లేని రోడ్డు అంటే ఏమిటో తెలుసు. మా దగ్గర లారీల నుంచి రాలిన బొగ్గు పొడి మీద తొలి వాన పడితే రోడ్డంతా నల్లటి జిగట, బైకులు వరసగా పడతాయి. అంతకంటే బాగా అర్థం కావాలంటే కోతల టైమ్‌లో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బ్రేకు కొట్టినవాణ్ని ఎవర్నైనా అడుగు, చక్రం ఆగుతుంది, బండి ఆగదు. మంచు రోడ్డు అంటే కిలోమీటర్ల పొడుగునా ఆరబోసిన వడ్లు అనుకో, పైగా ఒక పక్క లోయ.

ఇంకొక మాట, ఎవరూ అనలేదు కాబట్టి. నువ్వు మనాలి దాటాక ఆ కాస్త దూరం గురించి భయపడుతున్నావు, నాకైతే ఢిల్లీ నుంచి అంబాలా దాకా జనవరి పొద్దున పొగమంచే పెద్ద గండం. ముందు లారీ వెనక లైటు కూడా లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కిలోమీటర్లు కొట్టేద్దాం అనే మన అలవాటు అక్కడ వద్దు. పొద్దెక్కి తేటబడ్డాకే బండి తియ్యి, చీకటి పడేలోపు ఆగు. ఫాగ్ ల్యాంపులు, లో బీమ్ వాడు, హై బీమ్ వేస్తే ముందంతా తెల్లటి గోడే.

పరకాల_4x4:

ఐదో బ్రేకు లేదన్న మాట ఒప్పుకున్నా అక్కా. అయినా కిరాయి జీపు మాట ఇప్పటికీ అంటున్నా, 4x4 కోసం కాదు, నడిపే డ్రైవర్ కోసం.

కాజీపేట_టు_మాంట్రియల్:

ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్ట్. కారు మనాలి దాకా తీసుకుపో తమ్ముడూ, మొదటిసారి మంచు మీద నడపడం నేర్చుకునేది పిల్లల్ని, మామయ్యను వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు మీద కాదు. సిస్సుకు అక్కడి టాక్సీ మాట్లాడుకో, వాళ్లకు ఏ మలుపులో నీడ పడుతుందో తెలుసు. ఎక్కేముందు టైర్లు ఒకసారి చూడు, అరిగి నున్నగా ఉంటే ఇంకో బండి అడుగు, మొహమాటపడకు. నీకు నడపాలని మరీ మనసైతే, ఒకరోజు పొద్దున మనాలిలోనే ఏదైనా చదునైన ఖాళీ స్థలంలో, చుట్టూ గోడా మనిషీ లేనిచోట, పదిహేను ఇరవై స్పీడులో బ్రేకు కొట్టి చూడు. ఏబీఎస్ ఎలా కొట్టుకుంటుందో, బండి ఎంత దూరం పోతుందో నీ కాలికి తెలుస్తుంది. ఇక్కడ మేము ప్రతి సంవత్సరం తొలి మంచుకు సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో, ఖాళీగా ఉన్నప్పుడు, పిల్లలతో అదే చేయిస్తాం.

నయీంనగర్_నడిపేవాడు:

సరే అక్కా, కారు మనాలిలోనే పెట్టేస్తా, సిస్సుకు టాక్సీయే. మామయ్యకు కూడా ఇదే నచ్చింది, కొంచెం ఎక్కువే నచ్చింది అనిపిస్తోంది. కానీ మనాలిలోనే మంచు పడితే, హోటల్ నుంచి కిందికి రావడానికైనా గొలుసులు దగ్గర పెట్టుకోవాలా కాకా?

హుజూరాబాద్_ఫౌజీ:

పెట్టుకో. చేరినరోజే కిరాయికి తీసుకో, మంచు పడినంక అడిగితే రేటు డబుల్. టైరు మీద ఉన్న సైజు ఫోటో తీసి చూపించి ఆ సైజువే అడుగు, పెద్దవి ఇచ్చి లంకె వేసి బిగించుకో అంటరు, ఒప్పుకోవద్దు. షాపు ముందటే ఒకసారి నీ చేతితో కట్టి విప్పు. గ్లౌజులు, టార్చిలైటు, మోకాళ్ల కింద వేసుకునేటందుకు ఒక ఎరువుల సంచి డిక్కీల పెట్టుకో.

హంటర్‌రోడ్_టైర్లు:

బయలుదేరే ముందు ఆదివారం పొద్దున్నే షాపుకు రా తమ్మీ, ఎండ ఎక్కకముందే గాలి చూస్తా, డేట్ కోడ్‌లూ లోతూ చూస్తా. స్టెప్నీ కూడా తీసి చూపించు, నాలుగు టైర్లు చూపించి ఐదోది మర్చిపోతారు అందరూ.